ఓవెన్ వేస్తే ఇల్లంతా చీకటి, ఒక పొయ్యి మాత్రం ఎప్పుడూ ఎర్రగానే: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

లాసన్స్‌బే_303

మాది విశాఖలోని లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు. వంటగది కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుంది, మూసినా ఉప్పు గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. మా అత్తగారికి మతిమరుపు మొదలైనప్పుడు గ్యాసు ఆపకుండా మరిచిపోతారన్న భయంతో, పైన నాలుగు గాజు పొయ్యిలు, కింద ఓవెన్ ఉన్న ఎలక్ట్రిక్ రేంజిని తొమ్మిదేళ్ల క్రితం కొన్నాము. ఇన్నేళ్లలో దీనికి ఒక్క రూపాయి రిపేరు ఖర్చు కాలేదు. ఇప్పుడు రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయి.

మొదటిది, ముందు ఎడమవైపున్న పెద్ద పొయ్యి నాబ్‌ను 1 మీద పెట్టినా 9 మీద పెట్టినా ఒకేలా ఎర్రబడుతోంది. పాలు పెడితే పొంగిపోతున్నాయి, పప్పు పెడితే అడుగంటుతోంది. సున్నాకు తిప్పితే మాత్రం ఆరిపోతుంది. రెండవది, వర్షాకాలమంతా వాడని ఓవెన్‌ను మొన్న కేకు కోసం వేస్తే, మూడు నాలుగు నిమిషాలకు ఇంట్లో కరెంటు మొత్తం పోయింది. చూస్తే మీటరు పెట్టెలో ‘టెస్ట్’ అనే మీట ఉన్న పెద్ద స్విచ్చు కిందికి పడి ఉంది. మళ్లీ లేపి ఓవెన్ వేస్తే మళ్లీ అదే వరస.

కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి ముందు తలుపు తెరిచి మూసి, ఈ మోడల్‌కు విడిభాగాలు రావని చెప్పి, కొత్త వాటి ధరల కాగితం చేతిలో పెట్టి, వచ్చినందుకు చార్జీ తీసుకుని వెళ్లాడు. ఆ తరువాత మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి, వెనకనున్న ఆకుపచ్చ తీగ ఒకటి విప్పేసి, “ఏటీ లేదమ్మా, ఇంక పడదు” అన్నాడు. నిజంగానే పడలేదు, కేకు కూడా అయింది. కానీ నిన్న ఓవెన్ స్టీలు హ్యాండిల్ పట్టుకుంటే చేతి మీద చీమలు పాకినట్టు అనిపించింది. ఇది నా భ్రమా, నిజమా? దీన్ని బాగుచేయించుకోవచ్చా, లేక వదిలించుకోవడమే మేలా?

ఉక్కునగరం_రిటైర్డ్

మీ ప్రశ్నలన్నింటికీ తరువాత జవాబు చెప్పుకుందాం. ఇది చదివిన వెంటనే మీటరు పెట్టె దగ్గరకు వెళ్లి రేంజికి వెళ్లే ఎంసీబీని, అంటే దానికి విడిగా ఉన్న బ్రేకర్ స్విచ్చును దించి, ఎవరూ లేపకుండా దానిమీద టేపు అంటించండి. అత్తగారిని ఆ హ్యాండిల్ ముట్టుకోనివ్వకండి. ఆ చీమలు భ్రమ కాదు. ఆయన విప్పేసిన ఆకుపచ్చ తీగ ఎర్తు. ఓవెన్‌ను వేడిచేసే ఎలిమెంటు నుంచి పైనున్న రేకులోకి కారుతున్న కరెంటు ఇదివరకు ఆ తీగ గుండా భూమిలోకి పోయేది. ఆ తేడాను పసిగట్టి ఆర్‌సీసీబీ, అదే మీరు చెప్పిన టెస్టు మీట ఉన్న స్విచ్చు, పడిపోయేది. ఇప్పుడు ఆ దారి మూసేశారు కనుక కారిన కరెంటు రేకు మీదే నిలబడి, తనకు దారి చూపించే మనిషి కోసం ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేశాను. ఎర్తు తీసేసి ‘బాగుచేసిన’ యంత్రాల వల్ల జరిగిన ప్రమాదాలను చూసిన తరువాత ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

గాజువాక_గిరి

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది. ఆ ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన డబ్బులు వెనక్కి అడగండి.

లాసన్స్‌బే_303

దించేశాను, టేపు కూడా అంటించాను. చదువుతుంటేనే చేతులు చల్లబడ్డాయి. ఆ కేకును మేమందరం తిన్నాము, హ్యాండిల్‌ను మా అమ్మాయి పదిసార్లు లాగింది.

ఎంవీపీ_మురళి

భయపెట్టడం కొంచెం ఎక్కువైందేమో. వాళ్లింట్లో ఆర్‌సీసీబీ ఉంది కదా. ఎర్తు లేకపోయినా మనిషికి షాక్ కొడితే అది పడిపోతుంది. ఎర్తే లేని పాత ఇళ్లు ఊళ్లో ఎన్నో ఉన్నాయి.

ఉక్కునగరం_రిటైర్డ్

మురళి గారూ, మీరు చెప్పినది సాంకేతికంగా తప్పు కాదు. ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనిషి గుండా ఆ మేరకు కరెంటు పోతే పడిపోవాలి. కానీ అప్పుడు లీకేజీని కనిపెట్టే పరికరంగా మనం ఆ ఇంటి ఇల్లాలిని వాడుకుంటున్నాము. ఎర్తు ఉంటే ఎవరూ ముట్టుకోకముందే అది పడుతుంది. తడి చేతులతో స్టీలు సింకును ఒక చేత్తో, ఓవెన్ హ్యాండిల్‌ను ఇంకో చేత్తో పట్టుకునే చోటు వంటగది. పైగా ఆ టెస్టు మీటను మనలో ఎంతమంది ఎప్పుడైనా నొక్కి చూశాము? ఉప్పు గాలికి అది కూడా బిగుసుకుపోతుంది.

ఎంవీపీ_మురళి

ఇప్పుడే వెళ్లి మా ఇంట్లోది నొక్కాను. పడలేదు. నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. రేపు కొత్తది పెట్టిస్తాను.

కంచరపాలెం_వైండర్

మోటార్లు, హీటర్లు చుట్టే పని నాది. రెండు జబ్బులూ వేరువేరు, దేనికీ రేంజి పారేయనక్కర్లేదు.

పొయ్యి సంగతి ముందు. గాజు కింద ఎర్రబడే రిబ్బను చుట్టకు తక్కువ, ఎక్కువ అనేవి తెలియవు. వేస్తే పూర్తిగా కాలుతుంది, తీస్తే ఆరుతుంది. నాబ్ వెనకనున్న సిమ్మర్‌స్టాట్ దాన్ని కొన్ని సెకన్లు వేసి, కొన్ని సెకన్లు ఆపి మనకు సన్నసెగ అనిపించేలా చేస్తుంది. అందులో వేడికి వంగే ఒక బైమెటల్ పట్టీ, దాన్ని వేడిచేసే చిన్న చుట్ట, ఒక జత కాంటాక్టులు ఉంటాయి. కాంటాక్టులు మాడి అతుక్కుపోయినా, ఆ చిన్న చుట్ట తెగిపోయి పట్టీ వంగడం మానేసినా, పొయ్యి నిరంతరం కాలుతుంది. సున్నా దగ్గర విడదీసే కాంటాక్టు వేరు కనుక మీకు ఆరిపోతోంది. మీరు వర్ణించినది అచ్చంగా సిమ్మర్‌స్టాట్ జబ్బు. దాన్ని విప్పి కాంటాక్టులు గీకి బాగుచేస్తామనే వాళ్లుంటారు. ఒప్పుకోకండి, నెల తిరగకముందే మళ్లీ అతుక్కుంటుంది.

ఎంసీబీ లోడు ఎక్కువైనా, ఫేజు న్యూట్రలు నేరుగా కలిసినా పడుతుంది. ఆర్‌సీసీబీ మాత్రం వెళ్లిన కరెంటంతా తిరిగి రాకపోతే పడుతుంది. మీకు పడింది రెండోది కనుక ఓవెన్‌లో ఏదో ఒక ఎలిమెంటు నుంచి రేకులోకి కారుతోంది. ఓవెన్ ఎలిమెంటు అంటే స్టీలు గొట్టం మధ్యలో నిక్రోమ్ తీగ, చుట్టూ దట్టించిన మెగ్నీషియం ఆక్సైడు పొడి. కరెంటును ఆపుతూ వేడిని పోనిచ్చే ఆ పొడికి ఒకే ఒక చెడ్డ అలవాటు, తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా వాడకుండా పెట్టారు, అదీ సముద్రపు ఒడ్డున.

పెదవాల్తేరు_పద్మ

మా ఇంట్లో ఇలాగే జరిగితే ఓవెన్‌ను పదేపదే వేసి ఆర్పుతూ ఉండమన్నారు. నాలుగైదుసార్లు పడి, తరువాత అదే సర్దుకుంది. తడి ఆరిపోయిందన్నమాట.

కంచరపాలెం_వైండర్

కొన్నిసార్లు అలా సర్దుకుంటుంది పద్మ గారూ, కాదనను. కానీ గొట్టానికి పగులు ఉంటే అలా వేసి ఆర్పడం వల్ల పగులు పెద్దదవుతుంది. ఏ ఎలిమెంటో తెలియకుండా వైద్యం చేయడం నాకు నచ్చదు.

మద్దిలపాలెం_మాస్టారు

లెక్కలు కొన్ని చేర్చడానికి అనుమతించండి, పాఠాలు చెప్పిన అలవాటు పోదు. ఓల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. 230 వర్గం 52,900. అంటే 1,800 వాట్ల పొయ్యికి సుమారు 29 ఓములు, 1,200 వాట్ల పొయ్యికి సుమారు 44 ఓములు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ కాస్త తక్కువ చూపించినా తప్పులేదు. అసలేమీ చూపించకపోతే తీగ తెగినట్టు. అలాగే 230ని 0.03తో భాగిస్తే సుమారు 7,700 వస్తుంది. ఎలిమెంటుకూ రేకుకూ మధ్య నిరోధం అంతకు తగ్గితే ముప్పై మిల్లీ ఆంపియర్లు దాటి మీ ఆర్‌సీసీబీ పడక తప్పదు. ఆచరణలో అంతకన్నా ముందే పడుతుంది.

గాజువాక_గిరి

మాస్టారూ, హోమ్‌వర్కు ఎప్పటికి తేవాలి?

మద్దిలపాలెం_మాస్టారు

లోఓల్టేజీ రోజున. 200 ఓల్టులే వస్తే 1,800 వాట్ల పొయ్యి ఎంత ఇస్తుందో చెప్పండి. పదమూడు శాతం తగ్గిందని చాలామంది పొరబడతారు. వర్గం కనుక దాదాపు నాలుగో వంతు తగ్గి 1,360 వాట్ల దగ్గర ఆగుతుంది. సాయంత్రం పూట పొయ్యి కాలడం లేదని నాబ్‌లు మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు.

లాసన్స్‌బే_303

నేను మల్టీమీటర్ కొన్నాను. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని, మా వారు నేను కలిసి రేంజిని ముందుకు లాగి వెనక రేకు విప్పాము. మొదట కనిపించినది వైర్లు బిగించే టెర్మినల్ బ్లాకు మీద ఎండిపోయిన ఒక బల్లి. దాని పక్కనున్న ఇత్తడి మరల నిండా పచ్చని చిలుము. ఒక న్యూట్రల్ వైరు తొడుగు కాలి నల్లబడింది. ఎర్తు తీగను మాత్రం దాని మరకు మళ్లీ గట్టిగా బిగించాము. తరువాత కిందనున్న ఎలిమెంటు, పైనున్న గ్రిల్ ఎలిమెంటు, వెనక ఫ్యాను చుట్టూ ఉన్న రింగు ఎలిమెంటు, మూడింటి నుంచీ రేకుకు మల్టీమీటర్ పెట్టి చూస్తే మూడూ బాగానే ఉన్నట్టు చూపిస్తోంది. అంటే తప్పు మరెక్కడో ఉన్నట్టా?

గాజువాక_గిరి

బల్లిశాస్త్రంలో తల మీద, భుజం మీద పడితే ఫలితాలు రాశారు గానీ, టెర్మినల్ బ్లాకు మీద పడితే ఏమిటో ఎవరూ రాయలేదు.

ఉక్కునగరం_రిటైర్డ్

బల్లికి మాత్రం ఫలితం వెంటనే దక్కింది. అసలు విషయానికి వస్తే, మల్టీమీటర్ ఓములు కొలవడానికి వాడేది కొద్ది ఓల్టులే. తేమ వల్ల వచ్చే లీకేజీ అంత చిన్న ఓల్టేజీకి బయటపడకపోవచ్చు. 500 ఓల్టులు ఇచ్చి లీకేజీని కొలిచే మెగ్గర్ అనే పరికరంతో చూడాలి. నా అంచనా మాత్రం కింది ఎలిమెంటే. నెయ్యి, పాకం, కేకు పిండి అన్నీ కారేది దాని మీదే.

సిరిపురం_శ్రీవల్లి

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడి వీడియోలలో రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుందని, తెల్ల వైరు వేరే అని చెబుతున్నారు. వాటిని చూసి ఇక్కడ చేయవచ్చా?

ఉక్కునగరం_రిటైర్డ్

చేయకూడదు. అక్కడి రేంజికి 120 ఓల్టుల చొప్పున రెండు ఫేజు తీగలు వస్తాయి, రెంటికీ మధ్య 240 ఉంటుంది. మనకు ఒక ఫేజు, ఒక న్యూట్రలు. మా బంధువు ఒకరు అక్కడి రేంజిని సామానుతో పాటు ఓడలో తెచ్చుకున్నారు. ఎలిమెంట్లు 240వి కనుక ఇక్కడ బాగానే కాలాయి గానీ, 120 ఓల్టులతో నడవాల్సిన ఓవెన్ దీపానికి, గడియారానికి ఇక్కడి ఎలక్ట్రీషియన్ 230 ఇచ్చాడు. దీపం వెంటనే పోయింది, గడియారం కాసేపు పొగ వదిలి పోయింది.

మద్దిలపాలెం_మాస్టారు

బతికున్నా సరైన సమయం చెప్పేది కాదు. మోటారుతో తిరిగే పాతరకం గడియారమైతే అక్కడి 60 సైకిళ్లకు లెక్కకట్టినది ఇక్కడి 50 సైకిళ్ల మీద గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.

కంచరపాలెం_వైండర్

303 గారూ, ఆదివారం చినవాల్తేరులో ఒక పంపు మోటారు పని ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే మెగ్గర్ తీసుకుని అటు వస్తాను.

లాసన్స్‌బే_303

తప్పకుండా రండి. భోజనం కూడా మా ఇంట్లోనే. మంచి పొయ్యిలు ఇంకా మూడున్నాయి.

అక్కయ్యపాలెం_అనిల్

ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. దీన్ని పాత సామానుకు వేసి, రెండు ఇండక్షన్ స్టవ్‌లు, బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవెన్ (ఓటీజీ) ఒకటి కొనుక్కుంటే సగం ఖర్చులో పోతుంది కదా.

పెదవాల్తేరు_పద్మ

ఇండక్షన్ మీద అడుగున ఇనుము లేని గిన్నె పనిచేయదు. వాళ్ల అత్తగారికి కంచు గిన్నెలు, రాచ్చిప్పలు ఉన్నాయేమో అడిగి సలహా ఇవ్వండి. మా ఇంట్లో రాచ్చిప్ప పులుసు అనేది రాజీలేని విషయం.

లాసన్స్‌బే_303

పద్మ గారు మా ఇంటిని చూసినట్టే చెప్పారు. మా అత్తగారు ఏ రోజు ఏమిటో మరిచిపోతారు గానీ, ఏ గిన్నెలో ఏది వండాలో మరిచిపోరు. ఈ నాబ్‌లు ఆవిడకు అలవాటైపోయాయి, టచ్ బటన్ల స్టవ్ పెడితే వంటింట్లోకి రావడమే మానేస్తారు. అందుకే దీన్ని బతికించాలని నా పట్టుదల.

అక్కయ్యపాలెం_అనిల్

అలా అయితే నా సలహా ఉపసంహరించుకుంటున్నాను. టెర్మినళ్ల చిలుముకు మాత్రం తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టండి, నిమిషంలో వదులుతుంది.

కంచరపాలెం_వైండర్

దయచేసి కొట్టకండి. కీలుకూ తాళానికీ అది మంచిదే, వేడెక్కే చోట ఆ నూనె పొగ వస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది. చిలుము పట్టిన లగ్గును, అంటే వైరు కొసనున్న లోహపు బిళ్లను, కత్తిరించి పారేసి, తాజా రాగి కనిపించేదాకా తీగను వెనక్కి ఒలిచి, కొత్త లగ్గును క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి. టంకం వేయకూడదు, మామూలు టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. కాలిన తొడుగున్న వైరుకు బదులు ఇంట్లో మిగిలిన పీవీసీ వైరు ముక్క వేయకూడదు. సిలికాన్ లేదా ఫైబర్ గ్లాసు తొడుగు ఉన్నదే వేయాలి. అసలు ఆ న్యూట్రలు ఎందుకు కాలిందంటారా? మర వదులైంది. వదులైన చోట వేడి, వేడికి ఇంకా వదులు, అలా ఏళ్లు గడిచాయి.

పెదవాల్తేరు_పద్మ

క్రింపింగ్ ప్లయరు మా ఇంట్లో ఉంది. మా వారు కొని ఒక్కసారి వాడి అటక మీద పెట్టారు. పంపిస్తాను.

కంచరపాలెం_వైండర్

ఆదివారం వెళ్లి చూసి వచ్చాను. 303 గారు తొందరగా రాయమన్నారు కనుక రాస్తున్నాను.

మూడు ఎలిమెంట్లనూ వైర్ల నుంచి విడదీసి, చేతితో తిప్పే మెగ్గర్‌తో ఒక్కొక్కటిగా చూశాను. కింది ఎలిమెంటు 40 మెగా ఓములు, ఫ్యాను రింగు 25. రెండూ నిక్షేపంలా ఉన్నాయి. పైనున్న గ్రిల్ ఎలిమెంటు 0.2. ఉక్కునగరం పెద్దాయన నన్ను క్షమించాలి, కారుతున్నది కిందిది కాదు. ఈ మోడల్‌లో కేకు కోసం పెట్టినా వేడెక్కేదాకా గ్రిల్ కూడా కాలుతుంది.

0.2 మెగా ఓములంటే మాస్టారి లెక్క ప్రకారం కారేది ఒక మిల్లీ ఆంపియరు పైచిలుకు, దానికి ఆర్‌సీసీబీ పడదు. అందుకే వేసిన వెంటనే కాకుండా మూడు నిమిషాల తరువాత పడుతోంది. కింది ఎలిమెంటు ఒక్కదాన్నే కలిపి ఓవెన్ వేసి, ఆ వేడికి గ్రిల్ కూడా కాగాక అన్నీ ఆపి మెగ్గర్ పెట్టి చూస్తే ముల్లు సున్నాకు ఆనుకుంది. లోపలి తేమ వేడికి ఆవిరై పొడి అంతటా పాకుతోంది. గొట్టం మీద పగులు లేదు. కానీ వెనక వైపు తీగ బయటకు వచ్చే కొసన ఉండే సీలు వేలితో ముట్టుకుంటే బెల్లం పొడిలా రాలింది. ఉప్పు గాలి దూరింది అక్కడే.

గ్రిల్‌ను విప్పి, అదే ఓవెన్‌లో మధ్య జాలీ మీద పడుకోబెట్టి, కింది ఎలిమెంటు ఒక్కదానితో 120 డిగ్రీల మీద మూడు గంటలు ఉంచాము. చల్లారాక 20 మెగా ఓములు చూపించింది. ఇవాళ్టికి బాగుపడినట్టే. సీలు లేదు కనుక ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి.

ఉక్కునగరం_రిటైర్డ్

క్షమించడానికేముంది, మెగ్గర్ ముందు అనుభవం తలవంచాల్సిందే. ఓవెన్‌ను దాని ఎలిమెంటును ఆరబెట్టడానికే వాడిన ఆలోచన నాకు తట్టేది కాదు. ఒక్క ప్రశ్న, సప్లై వైపు చూశారా? నాలుగు పొయ్యిలూ ఓవెనూ కలిపితే ఎంత?

కంచరపాలెం_వైండర్

1,800వి రెండు, 1,200వి రెండు, ఓవెన్ 2,400, మొత్తం 8,400 వాట్లు. అన్నీ ఒకేసారి పూర్తిగా కాలితే 36 ఆంపియర్లు దాటుతుంది, అలా ఎవరూ వాడరు. 32 ఆంపియర్ల ఎంసీబీ, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉన్నాయి, అది సరిపోతుంది. కొత్తగా పెట్టుకునేవాళ్లు మాత్రం దీన్ని 16 ఆంపియర్ల గీజరు ప్లగ్గుకు తగిలించకూడదు. కరెంటు బిల్లు మీద సాంక్షన్డ్ లోడు, అంటే మన ఇంటికి మంజూరైన లోడు, ఎంతో కూడా ఒకసారి చూసుకోవాలి.

సీతమ్మధార_సుధ

హుద్‌హుద్ తుఫాను తరువాత, అంటే 2014 అక్టోబరులో, మా ఓవెన్‌కు సరిగ్గా ఇదే జరిగింది. కరెంటు వచ్చాక తొందరపడి వేశాము, మెయిన్ పడింది. అప్పుడు మాకు చెప్పేవాళ్లు లేక కొత్తది కొన్నాము. ఇది చదువుతుంటే ఆ పాతదాన్ని తూకానికి అమ్మినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

లాసన్స్‌బే_303

వారం అయింది. వైండర్ గారు మెగ్గర్‌తో మళ్లీ చూస్తే గ్రిల్ 20 నుంచి 2కు దిగింది. కొత్తది వేయక తప్పదన్నారు. అయితే ఏది కొనాలి? ఆన్‌లైన్‌లో మా మోడల్ పేరు కొడితే పది రకాల ఎలిమెంట్లు వస్తున్నాయి. డాబాగార్డెన్స్ వైపు ఒక దుకాణంలో, ఉన్నదాన్ని చూపిస్తే అలాంటిదే వంచి ఇస్తామన్నారు, చూపించినది రాగి గొట్టం.

కంచరపాలెం_వైండర్

రాగి గొట్టం నీళ్లలో మునిగి ఉండే హీటర్లకు. ఓవెన్‌లో గాలిలో ఎర్రబడితే పొరలు పొరలుగా రాలిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టంతో చేస్తామంటేనే ఇవ్వండి. ఆన్‌లైన్‌లో అయితే మోడల్ పేరును నమ్మకండి, మీ పాత ఎలిమెంటు బిగించే రేకు మీదే ఓల్టేజీ, వాట్లు, భాగం నంబరు అచ్చువేసి ఉంటాయి, గుడ్డతో తుడిచి చూడండి. మరల మధ్య దూరం, గొట్టం పొడవు స్కేలుతో కొలవండి. పాతది 2,000 వాట్లయితే 2,000దే తెండి. తొందరగా కాలుతుందని 2,500ది తెస్తే స్విచ్చు కాంటాక్టులు మాడతాయి. సిమ్మర్‌స్టాట్ తెచ్చేటప్పుడు ఇరుసు పొడవు, అది తిరిగే వైపు, పొయ్యికి ఒక రింగా రెండు రింగులా అన్నవి పోల్చుకోండి. పాతదానికి ఫోటో తీసుకుని, ఒక్కొక్క వైరునే పాతదాని నుంచి తీసి కొత్తదానికి పెట్టండి. అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో దేవుడికి కూడా తెలియదు.

మద్దిలపాలెం_మాస్టారు

పార్సిల్ విప్పగానే బిగించే ముందు ఓములు కొలవండి. 2,000 వాట్లదైతే 26 చిల్లర రావాలి.

లాసన్స్‌బే_303

గ్రిల్ ఎలిమెంటు 1,450 రూపాయలు, సిమ్మర్‌స్టాట్ 900. మాస్టారు చెప్పినట్టు కొలిస్తే 25.8 వచ్చింది, మెగ్గర్ పెడితే ముల్లు కొస దాకా వెళ్లి ఆగింది. సిమ్మర్‌స్టాట్ నేనే మార్చాను. అయిదు వైర్లు, అయిదు ఫోటోలు, గంటన్నర పట్టింది. నాబ్‌ను 1 మీద పెడితే పొయ్యి కాసేపు ఎర్రబడి, ‘టక్’మని ఆరి, మళ్లీ ఎర్రబడుతోంది. పాలగిన్నె పెట్టి పది నిమిషాలు ఎదురుగా నిలబడ్డాను, పొంగలేదు. ఎర్తు తీగ బిగించి ఉంది, ఆర్‌సీసీబీ పడలేదు. టెస్టు మీట నొక్కితే పడింది.

పెదవాల్తేరు_పద్మ

శుభం. ఇంతకూ ఓవెన్ వేడి సరిగ్గా ఉందో లేదో చూశారా? తొమ్మిదేళ్ల థర్మోస్టాట్ అబద్ధాలాడడం మొదలుపెడుతుంది. ఓవెన్ థర్మామీటర్ లేకపోతే చక్కెరతో చూడవచ్చు. చక్కెర 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 175 మీద పెట్టి, బాగా వేడెక్కాక రేకు గిన్నెలో చెంచాడు చక్కెర పదిహేను నిమిషాలు ఉంచితే కరగకూడదు, 190 మీద కరగాలి.

లాసన్స్‌బే_303

చేశాను. 175 మీద అంచులు కరిగి బంగారు రంగు తిరిగాయి. అంటే చూపించే దానికన్నా వేడి ఎక్కువ. నా కేకుల అడుగు ఎందుకు నల్లబడేదో ఇప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ పిండిని తిట్టుకున్నాను.

కంచరపాలెం_వైండర్

పది పదిహేను డిగ్రీల తేడాకు థర్మోస్టాట్ మార్చకండి. 160 మీద పెట్టుకుని 175 అనుకోండి. ముందుగా లోపలి గోడకు బిగించిన, వేడిని పసిగట్టే థర్మోస్టాట్ సన్నని బల్బు దాని క్లిప్పులోనే ఉందో, జారి గోడకు ఆనిందో చూడండి. దాన్ని లాగేటప్పుడు రాగి కేశనాళిక గొట్టం మడతపడితే మాత్రం పని అయిపోయినట్టే.

లాసన్స్‌బే_303

మీరన్నట్టే క్లిప్పు నుంచి జారి ఉంది. సరిచేశాక 175 మీద చక్కెర కరగలేదు.

సిరిపురం_శ్రీవల్లి

మా ఓవెన్‌లో దీపం పోయింది. ఎల్‌ఈడీ బల్బు పెట్టవచ్చా?

ఉక్కునగరం_రిటైర్డ్

పెట్టకండి, ఆ వేడికి ఒక్క కేకు కూడా పూర్తికాకముందే పోతుంది. 300 డిగ్రీలు అని రాసి ఉన్న ఓవెన్ బల్బే అడిగి కొనండి.

పెదవాల్తేరు_పద్మ

303 గారూ, క్రింపింగ్ ప్లయరు ఇంకా మీ దగ్గరే ఉంది. తొందరేమీ లేదు, కానీ అది అటక మీద లేదని మా వారు ఈ రోజే కనిపెట్టారు.

లాసన్స్‌బే_303

రేపు సాయంత్రం తెస్తాను. కేకు కూడా తెస్తాను, ఈసారి అడుగు నల్లబడలేదు.